పారేసిన ప్యాకెట్ విలువ

తీగలు, తరంగాలు – 17

గత సంచికలో రిచర్డ్ హామింగ్ దగ్గర ఆగాం. బెల్ ల్యాబ్స్‌లో రిలేలతో నడిచే కంప్యూటర్, శని ఆదివారాల్లో పక్కన మనిషి లేనప్పుడు, తప్పు దొర్లిందని పసిగట్టగానే చేతిలోని లెక్క వదిలేసి తరవాతి లెక్క అందుకునేది. సోమవారం వచ్చి చూసుకుంటే పని జరిగి ఉండేది కాదు. తప్పు జరిగిందని తెలుసుకోగలిగిన యంత్రానికి, అది ఎక్కడ జరిగిందో తెలుసుకుని దిద్దుకోవడం ఎందుకు చేతకాదని ఆయనకు ఒళ్ళు మండింది. ఆ కోపంలోంచి పుట్టిన కోడ్ 1950లో అచ్చయింది. చెడినదాన్ని చెడిన చోటే బాగుచేసుకోవాలనే పక్షానికి ఆయనే ఆద్యుడు.

అయితే అప్పటికే ఇంకో పక్షం ఉంది. దాని వాదం మరీ మోటు: అర్థం కాకపోతే మళ్ళీ పంపమని అడిగితే పోయె, ఇంత గణితం ఎందుకు? ఈ రెండు పక్షాలూ దశాబ్దాల పాటు పక్కపక్కనే, కొన్నాళ్ళు ఒకే పెట్టెలో కూడా, ఒకరినొకరు పట్టించుకోకుండా ఎలా బతికాయి, చివరికి ఎలా కలిశాయి, ఆ కలయికలో ఎవరు ఏం వదులుకున్నారు అన్నదే ఈ వారం కథ.

మోటు పక్షంతో మొదలుపెడదాం, ఎందుకంటే వయసులో అదే పెద్దది.

హెచ్.సి.ఎ. వాన్ డ్యూరెన్ నెదర్లాండ్స్ తంతి తపాలా శాఖలో ఇంజనీరు. 1940లలో ఆయన ముందున్న చిక్కు షార్ట్‌వేవ్ రేడియో మీద టెలిప్రింటర్ నడపడం. షార్ట్‌వేవ్ సంకేతం పై వాతావరణంలోని అయనోస్ఫియర్ నుంచి వంగి దిగివస్తుంది. దాని బలం క్షణక్షణానికీ మారుతుంది. టెలిప్రింటర్‌లో అక్షరానికి 5 బిట్లు. అంటే 32 కలయికలు, ఆ 32కీ ఏదో ఒక అర్థం ఉంది. ఒక్క బిట్ తారుమారైతే ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం నిక్షేపంగా అచ్చవుతుంది. చూసేవాడికి అనుమానం కూడా రాదు. ఉత్తరంలో అక్షరం మారితే సర్దుకుని చదువుకోవచ్చు. వ్యాపారపు తంతిలో అంకె మారితే?

వాన్ డ్యూరెన్ యంత్రం 5 బిట్ల అక్షరాన్ని 7 బిట్లకు మార్చి పంపేది. ఆ ఏడింటిలో ఒక రకం సరిగ్గా మూడే ఉండాలి, రెండో రకం నాలుగు. ఇలాంటి కలయికలు 35 వస్తాయి. 32 అక్షరాలకు పోగా మూడు మిగిలాయి. వాటిలో ఒకటి ‘మళ్ళీ పంపు’ అనే సంకేతం. అందుకునే యంత్రం ప్రతి అక్షరంలోనూ లెక్కపెడుతుంది. మూడు ఉండాల్సిన చోట రెండో నాలుగో కనబడితే ప్రింటర్‌ను ఆపేసి వెనక్కి ఆ సంకేతం కొడుతుంది. అవతలి యంత్రం తాను దాచుకున్న చివరి కొన్ని అక్షరాలను తిరిగి పంపుతుంది. ఇదంతా ఆపరేటర్ చెయ్యి పడకుండా జరిగిపోయేది. ఆటోమేటిక్ రిపీట్ రిక్వెస్ట్ అని పేరు స్థిరపడింది, పొట్టిగా ఏఆర్‌క్యూ. ఒకే అక్షరంలో ఇటుది అటు, అటుది ఇటు మారితే లెక్క కుదిరిపోయి తప్పు జారిపోయేదనుకోండి. అయినా షార్ట్‌వేవ్ మీద నమ్మదగిన తంతి నడవడానికి ఈ పథకం చాలింది.

దీని వారసుణ్ణి తరవాత ఓడల మీద చూస్తాం. సముద్రం మీద రేడియో టెలెక్స్ నడిపిన సైటార్ పద్ధతిలో మూడేసి అక్షరాలు ఒక కట్ట. కట్ట పంపడానికి 210 మిల్లీసెకన్లు. ఆపైన 240 మిల్లీసెకన్లు మౌనం. ఆ మౌనంలో అవతలి ఓడ 70 మిల్లీసెకన్ల జవాబు ఇచ్చి తీరాలి: అందింది, లేదా మళ్ళీ పంపు. మొత్తం చక్రం 450 మిల్లీసెకన్లు. సగానికి పైగా కాలం ఎదురుచూపులకే సరిపోయేదన్నమాట. టెలెక్స్‌కి అది చాలు. కంప్యూటర్లు మాట్లాడుకోవడం మొదలయ్యాక చాలలేదు.

ఎందుకు చాలలేదో ఒక్క లెక్కతో తేలిపోతుంది. వెయ్యి బిట్ల ప్యాకెట్ పంపుతున్నాం. పదివేల బిట్లకు ఒకటి చెడే లింకు మీద, నూటికి 90 ప్యాకెట్లు చెక్కుచెదరకుండా చేరతాయి. వెయ్యికి ఒకటి చెడితే 37 మాత్రమే. వందకు ఒకటి చెడితే? లక్ష ప్యాకెట్లలో నాలుగు. రొద ఒక మోస్తరు దాటాక ‘మళ్ళీ పంపు’ అనేది పద్ధతి కాదు, అంతులేని జపం. దీనికి తోడు ఉపగ్రహాలు వచ్చాయి. భూస్థిర కక్ష్య ఎత్తు 35,786 కిలోమీటర్లు. సంకేతం పైకెక్కి దిగడానికే పావు సెకను. ‘రాలేదు’ అన్న కబురు వెనక్కి చేరడానికి మరో పావు సెకను. సెకనుకు పది లక్షల బిట్ల లింకు మీద, ఫిర్యాదు అందేలోపు ఐదు లక్షల దాకా బిట్లు ముందుకు వెళ్ళిపోయి ఉంటాయి.

రెండు పక్షాలనూ కలపాలన్న ఆలోచన ఎంఐటీలో వోజెన్‌క్రాఫ్ట్, హార్‌స్టైన్ అనే ఇద్దరికి 1960 ప్రాంతంలోనే వచ్చింది. చేతనైనంత దిద్దుకో, చేతకాకపోతే అడుగు. దీన్నే తరవాత హైబ్రిడ్ ఏఆర్‌క్యూ అన్నారు. 1974లో మాండెల్‌బామ్ దానికి ఒక గడుసు మెలిక పెట్టాడు. దిద్దుబాటు బిట్లన్నీ మొదటే ఎందుకు పంపాలి? కొన్ని అట్టే పెట్టుకో, అడిగితే అవే పంపు. రెండోసారి వెళ్ళేది పాత ప్యాకెట్ నకలు కాదు, పాత ప్యాకెట్‌ను దిద్దుకోవడానికి కావాల్సిన కొత్త సరుకు. ఈ కథలో అన్నిటికంటే తెలివైన ఊహ ఇదేనని నా అభిప్రాయం. 1982లో షు లిన్, ఫిలిప్ యు ఉపగ్రహ లింకుల కోసం ఈ దారిలోనే మరో పథకం రాశారు.

ఇంతలో మొదటి పక్షంలో పెద్ద విప్లవమే వచ్చింది.

అప్పటిదాకా కోడ్ వేరు, మాడ్యులేషన్ వేరు. కోడ్ రాసే గణితజ్ఞుడు బిట్లకు అదనపు బిట్లు కలిపి ఇచ్చేవాడు. వాటిని విద్యుత్ తరంగంగా మార్చడం ఇంకొకరి పని. అదనపు బిట్లంటే అదనపు బ్యాండ్‌విడ్త్. ఉపగ్రహానికి బ్యాండ్‌విడ్త్ ఉంది, శక్తి లేదు కనక అక్కడ చెల్లింది. టెలిఫోన్ లైనుకి 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే దారి. అక్కడ అదనపు బిట్లు పెట్టడానికి చోటేది? జేమ్స్ మాసీ 1974లో జ్యూరిచ్ సదస్సులో ఈ రెండింటినీ ఒకే పనిగా చూడాలని వాదించాడు. ఆ ఊరి పక్కనే ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తున్న వియన్నా మనిషి గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బొయెక్ దాన్ని చేసి చూపించాడు. తొలి ఆలోచన 1976లో స్వీడన్‌లో ఒక సదస్సులో చెప్పాడు. పూర్తి వ్యాసం వెలువడింది మాత్రం 1982 జనవరిలో.

ఆయన చేసిందేమిటో కాస్త దగ్గరగా చూడాలి. పంపే తరంగపు ఒక్కో స్థితిని కాగితం మీద ఒక చుక్కగా పెట్టండి. ముగ్గు వెయ్యడానికి ముందు పెట్టే చుక్కల్లా ఉంటుంది ఆ బొమ్మ. రొద ఏం చేస్తుందంటే చుక్కను కాస్త జరుపుతుంది. ఎక్కువ జరిగితే పక్క చుక్క అనుకుంటాం. కాబట్టి చుక్కల మధ్య ఎడమే మన భద్రత. వ్యాసార్థం 1 ఉన్న వలయం మీద నాలుగు చుక్కలు పెడితే పక్కపక్క వాటి ఎడం 1.414. ఒక్కో చుక్క 2 బిట్లు మోస్తుంది. అదే వలయం మీద ఎనిమిది చుక్కలు పెడితే ఎడం 0.765కి పడిపోతుంది. బుద్ధున్నవాడెవడూ 2 బిట్లు పంపడానికి ఎనిమిది చుక్కలు పెట్టడు.

ఉంగర్‌బొయెక్ పెట్టాడు. చుక్కకు మూడు బిట్లు పట్టే చోట రెండే పంపి, మూడోదాన్ని కాపలాకి వాడుకున్నాడు. ఎనిమిదింటిని ఒకటి విడిచి ఒకటి చొప్పున నాలుగేసి చుక్కల రెండు గుంపులు చేశాడు. ఒక్కో గుంపులో ఎడం 1.414. వాటిని మళ్ళీ విడదీస్తే ఎదురెదురు చుక్కల జంటలు. ఎడం 2. తరవాత ఒక నియమం: ఈ చుక్క తరవాత ఏ జంట నుంచి చుక్క రావచ్చో, ఏది రాకూడదో కోడ్ నిర్ణయిస్తుంది. అందుకునేవాడు ఒక్కో చుక్కను విడిగా చూసి తీర్పు చెప్పడు. వరుస మొత్తం చూసి, నియమానికి లోబడిన వరుసల్లో తనకు అందినదానికి అతి దగ్గరగా ఉన్నది ఏదో వెతుకుతాడు. ముందు వచ్చినదాన్ని నాలుగు స్థితులుగా గుర్తుపెట్టుకునే చిన్న కోడ్‌తోనే ఏ రెండు వరుసల మధ్యయినా ఎడం కనీసం 2 అయింది. ఎడం వర్గాన్ని తీసుకుంటే 2 నుంచి 4కి పెరిగింది, అంటే 3 డెసిబెళ్ళ లాభం. అదే వేగం, అదే బ్యాండ్‌విడ్త్, సగం శక్తి చాలు. ఎనిమిది స్థితుల కోడ్‌తో 3.6 డెసిబెళ్ళు. ట్రెలిస్ కోడెడ్ మాడ్యులేషన్, టీసీఎం అని దీనికి పేరు. వ్యాసం వచ్చిన రెండేళ్ళకే, 1984లో, అంతర్జాతీయ ప్రమాణం వి.32లో అది చేరిపోయింది. ప్రమాణాల కమిటీలు ఎంత నిదానంగా కదులుతాయో తెలిసినవాళ్ళకు ఈ రెండేళ్ళ విలువ తెలుస్తుంది.

వి.32 మోడెమ్ సెకనుకు 2400 చుక్కలు పంపేది. ఒక్కో చుక్కలో 4 బిట్ల సమాచారం, వెరసి 9600. వాటికి ఐదో బిట్ కోడ్ చేర్చేది, అందుకే బొమ్మలో 32 చుక్కలు. ఫోన్ లైను ఒక్కోసారి మొత్తం బొమ్మను పావు చుట్టు తిప్పేస్తుంది. అలా తిరిగినా చలించని కోడ్‌ను లీ-ఫాంగ్ వెయ్ అల్లాడు. ఆ వరుసలోనే వి.34 వచ్చి 1996 నాటికి 33,600 బిట్లు అందుకుంది. వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్నెట్ తలుపు తెరిచాక, డయల్-అప్ కనెక్షన్ పెట్టుకున్నవాళ్ళు విన్న కీచుమూలుగుల్లో ఈ చుక్కలూ ఉన్నాయి.

ఆ మోడెమ్ పెట్టెలోనే రెండో పక్షం కూడా కాపురం పెట్టింది. 1988 నాటి వి.42 ప్రమాణం డేటాను ఫ్రేములుగా కట్టి, ఒక్కోదానికి చెక్ బిట్లు తగిలించి, లెక్క కుదరకపోతే మళ్ళీ పంపమని అడిగేది. కింది అంతస్తులో ఉంగర్‌బొయెక్ సంప్రదాయం, పై అంతస్తులో వాన్ డ్యూరెన్ సంప్రదాయం. ఒకరి ఇంట్లో ఏం జరుగుతోందో ఇంకొకరికి తెలియదు. కింద డీకోడర్‌కి ఒక వరుస దగ్గర గట్టి సందేహం వచ్చిందనుకోండి. రెండు దారులు దాదాపు సమానంగా ఉన్నాయి, ఏదో ఒకటి ఎంచుకుని బిట్లు పైకి తోసేసేది. ఆ సందేహం మాత్రం పైకి వెళ్ళదు. పై అంతస్తు చెక్ చేసి, ఫ్రేము చెడిందని మొత్తం చెత్తబుట్టలో వేసి, మళ్ళీ పంపించుకునేది. రెండోసారి వచ్చిన ఫ్రేము కూడా చెడిపోతే అదీ బుట్టలోకే. రెండు సగం చెడిన ఫ్రేములు కలిస్తే ఒక మంచి ఫ్రేము అవుతుందేమో అని అడిగే నాథుడు ఆ పెట్టెలో లేడు.

పెట్టె బయట ఉన్నాడు. డేవిడ్ చేజ్ 1985లో ప్రచురించిన వ్యాసంలో సరిగ్గా ఈ మాటే చెప్పాడు. చెడిన ప్యాకెట్‌ను పారెయ్యకండి, దాచండి. ఎన్ని నకళ్ళు వస్తే అన్నీ కలపండి, ఏది ఎంత నమ్మదగిందో చూసి దానికంత బరువు ఇవ్వండి. రెండు సమానమైన నకళ్ళు కలిస్తే 3 డెసిబెళ్ళు. ఉంగర్‌బొయెక్ అంత కష్టపడి సాధించిన లాభం, పారేసే సరుకులోంచి! ఈ రోజుకీ ఫోన్ ప్రమాణాల పత్రాల్లో ‘చేజ్ కంబైనింగ్’ అని ఆయన పేరే నడుస్తోంది.

ఇక సందేహాన్ని పైకి చేరవేసే మార్గాన్ని 1980లోనే జపాన్ వాళ్ళు యమమోతో, ఇతో సూచించి ఉన్నారు. డీకోడర్ రెండు దారులను పోల్చేటప్పుడు తేడా మరీ స్వల్పంగా ఉంటే, గెలిచిన దారికి కూడా ఒక గుర్తు పెట్టాలి. మిగిలిన దారులన్నిటికీ ఆ గుర్తు పడిందంటే ఇక తీర్పు చెప్పకుండా మళ్ళీ పంపమనాలి. ప్రత్యేకంగా చెక్ బిట్లు కూడా అక్కర్లేదు. 1990ల తొలి సగంలో రాస్ముసెన్, వికర్ దీన్ని టీసీఎంకి తగిలించారు. 1994లో సింగపూర్‌లోని రాబర్ట్ డెంగ్ మరో అడుగు వేసి, కోడెడ్ మాడ్యులేషన్ ద్వారా వచ్చిన పాత వరుసనూ కొత్త వరుసనూ చుక్కల స్థాయిలోనే కలిపి చదివే పథకం ప్రచురించాడు. రెండు పక్షాలకూ లగ్నం కుదిరినట్టే కనబడింది.

పత్రికల్లో కుదిరింది. బజారులో కుదరలేదు.

కారణం సెల్‌ఫోన్. ఫోన్ లైను మీద రొద దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. గాలిలో అలా కాదు, కారు నాలుగు అడుగులు కదిలితే సంకేతం మునిగిపోయి మళ్ళీ తేలుతుంది. ఉంగర్‌బొయెక్ నాలుగు స్థితుల కోడ్‌ను ఇంకోసారి చూడండి. ఎదురెదురు చుక్కల జంటలో ఏది అన్నది తేల్చే బిట్‌కు కోడ్ కాపలా లేదు. ఎడం 2 ఉంది కదా, చాలన్నాడు. ఆ ఒక్క చుక్క వచ్చే క్షణాన సంకేతం మునిగిపోతే ఎడమంతా హుళక్కి. ఆ బిట్‌ను కాపాడే మరో చుక్క ఎక్కడా లేదు. 1992లో క్వాల్‌కామ్‌కి చెందిన ఎఫ్రాయిమ్ జెహావి వెనక్కి నడిచినట్టు కనిపించే పని చేశాడు. కోడ్‌నూ చుక్కలనూ మళ్ళీ విడదీశాడు. కోడ్ ఇచ్చిన బిట్లను కలగాపులగం చేసి, ఒక దానికొకటి సంబంధం లేని చుక్కల మీద పడేట్టు చేశాడు. ఒక చుక్క మునిగినా దాని బిట్ల కబురు మిగతా చుక్కలు చెబుతాయి. రొద మాత్రమే ఉన్న లైను మీద ఇది టీసీఎం కంటే కొంచెం తక్కువే. గాలిలో మాత్రం బాగా ఎక్కువ. ఎందుకు పనిచేస్తుందో 1998లో ఇటలీకి చెందిన కైరే, తారికో, బిగ్లియేరి గణితంతో తేల్చారు.

ఈ విడాకుల వల్లే రెండో పక్షంతో పెళ్ళి సుళువైంది. టీసీఎంలో కోడ్, చుక్కలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు అమరి ఉంటాయి. కాస్త అదనపు సరుకు మాత్రమే పంపుతాను అంటే ఆ అమరిక ఒప్పుకోదు. బిట్లు విడిగా ఉంటే మాండెల్‌బామ్ చెప్పినట్టు ఎన్ని కావాలంటే అన్ని అట్టే పెట్టుకోవచ్చు.

దీన్ని మనమంతా చూశాం. ఫోన్ తెరమీద ‘ఈ’ అక్షరం కనబడే రోజులు గుర్తున్నాయా? అది ఎడ్జ్. దానిలో పై వేగాలన్నీ నడిచింది వలయం మీద ఎనిమిది చుక్కలతోనే, ఉంగర్‌బొయెక్ 1982లో బొమ్మ గీసిన ఆ ఎనిమిదే. కోడ్ మాత్రం ఆయనది కాదు. అన్నిటికంటే వేగమైన తొమ్మిదో అంచెలో, స్లాటుకు 59.2 కిలోబిట్లు, మొదటిసారి ప్యాకెట్ దాదాపు కవచం లేకుండానే వెళ్ళేది. చేరితే లాభం. చేరకపోతే ఫోన్ దాన్ని దాచుకునేది. రెండోసారి అదే కోడ్‌లోంచి వేరే బిట్లు, అప్పటికీ కాకపోతే మూడోసారి ఇంకొన్ని. మూడూ కలిస్తే కోడ్ నిండుతుంది.

2002లో ఖరారైన 3జీ పద్ధతి హెచ్ఎస్‌డీపీఏ ఇంకో మెట్టు ఎక్కింది. మళ్ళీ పంపే నిర్ణయాన్ని ఎక్కడో దూరాన ఉన్న కంట్రోలర్ నుంచి తీసి టవర్ దగ్గరికే తెచ్చారు. జవాబు త్వరగా రావడంతో పాత ప్యాకెట్లను దాచే మెమరీ తక్కువ సరిపోయింది. ఇంకో ముచ్చట, నాకు మరీ ఇష్టమైంది, చుక్కల్లో ఉంది. నాలుగు వరుసల్లో నాలుగేసి, మొత్తం 16 చుక్కలు. ఒక్కోదానికి 4 బిట్లు. వాటిలో రెండు బిట్లు చుక్క ఎడమనా కుడినా, పైనా కిందా అని చెబుతాయి. మిగతా రెండు, అది నడిమికి దగ్గరా అంచుకు దగ్గరా అని చెబుతాయి. మొదటి రెండూ గట్టివి, అంచు చుక్క ఎంత జరిగినా గీత దాటి అటు పోవడం కష్టం. తరవాతి రెండూ బలహీనం. ఒకే ప్యాకెట్‌ను ఒకేలా రెండుసార్లు పంపితే గట్టివి మరింత గట్టిపడతాయి, బలహీనమైనవి వెనకే ఉండిపోతాయి. అందుకని రెండోసారి పంపేటప్పుడు స్థానాలు మార్చేశారు. మొదటిసారి బలహీనమైన చోట కూర్చున్న బిట్లకు ఈసారి గట్టి చోటు. కోడ్, చుక్కల అమరిక, మళ్ళీ పంపడం, మూడూ నిజంగా ఒకరి మాట ఒకరు విన్నది ఇక్కడ.

4జీలో ఎనిమిది ప్యాకెట్ల వరుసలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి జవాబు కోసం ఆగితే మిగతా ఏడూ పనిలో ఉంటాయి, 8 మిల్లీసెకన్లకు మొదటిదాని వంతు మళ్ళీ వస్తుంది. సైటార్ ఓడల మౌనం ఇలా మాయమైంది. ఇంకా ఆశ్చర్యం, ఈ నెట్‌వర్క్‌లను మొదటి ప్రయత్నంలో పదింట ఒక ప్యాకెట్ చెడిపోయేలా కావాలనే సర్దుతారు. అన్నీ మొదటిసారే చేరుతున్నాయంటే, వేగం తక్కువ పెట్టి గాలిని వృథా చేస్తున్నామని అర్థం.

మరి ఉంగర్‌బొయెక్ కోడ్? గాలిలో ఓడింది గానీ తీగల్లో రాజ్యమేలింది. ఆఫీసుల్లో కంప్యూటర్ వెనక గుచ్చే గిగాబిట్ ఈథర్‌నెట్ కేబుల్‌కు 1999లో ప్రమాణం వచ్చింది. దాని నాలుగు జతల తీగల మీద ఐదు మెట్ల ఓల్టేజీతో నడిచేది ఎనిమిది స్థితుల ట్రెలిస్ కోడే. అక్కడ చెడిన ఫ్రేమును ఇప్పటికీ చప్పుడు లేకుండా పారేస్తారు. మళ్ళీ పంపమని అడగడం ఎక్కడో పైనున్న టీసీపీ పని. తీగ మంచిది కాబట్టి ఆ దుబారా చెల్లుతోంది.

జెహావి కలగాపులగానికి అసలు బలం ఇచ్చింది మాత్రం 1993లో జెనీవా సదస్సులో ఫ్రెంచి వాళ్ళు బయటపెట్టిన టర్బో కోడ్. మొదట దాన్ని చాలామంది నమ్మలేదు. ఆ సంగతి వచ్చే సంచికలో.